కరువును కంప్యూటర్‌లోకి ఎక్కించే ముందు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

కంప్యూటర్ సిమ్యులేషన్ ప్రాజెక్టుకి మన గుంటూరు వైపు 1832-33లో వచ్చిన నందన కరువును ఎంచుకున్నావని నాన్న చెప్పాడు. చాలా సంతోషం తల్లీ. ఇళ్లనీ ఊళ్లనీ కంప్యూటర్‌లో మోడల్‌గా కట్టి నడిపి చూసే ఈ సిమ్యులేషన్లతో చాలాకాలం కుస్తీ పట్టినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు చెబుతాను.

ముందు ప్రశ్న చిన్నది చేసుకో. కరువెందుకొచ్చిందని అడిగితే మోడల్ ఏదో ఒకటి చెబుతుంది. అంతమంది ఊళ్లొదిలి మద్రాసు దారి పట్టడానికి వానల్లేకపోవడం ఒక్కటే చాలా అని అడుగు. కాదనే జవాబు కూడా రాగలగాలి.

అమెరికాలో అరిజోనాలోని లాంగ్ హౌస్ లోయలో పూర్వం బతికిన ఇళ్ల మీద కట్టిన మోడల్ గురించి తప్పకుండా చదువు. క్రీ.శ. 800 నుంచి 1350 దాకా ఏ ఏడు ఎంత పండి ఉంటుందో చెట్ల వలయాల సాయంతో లెక్కగట్టారు. ఇంటికి ఐదుగురు, మనిషికి ఏడాదికి 160 కిలోల మొక్కజొన్న. జనం పెరుగుదల, తరుగుదల తవ్వకాల్లో దొరికిన ఆనవాళ్లతో చాలావరకు కలిశాయి. 1300 దగ్గరికొచ్చేసరికి తేడా కొట్టింది. లోయ ఇంకా కొంతమందిని పోషించగలదని మోడల్ అంది, నిజానికి అందరూ వెళ్లిపోయారు. పంట లెక్క ఒక్కటే చాలదని అక్కడే తేలింది. నువ్వూ అలాంటి చోటు కోసమే వెతుకు. సరిపోయేదాకా నంబర్లు తిప్పుతూ కూర్చోకు.

అన్నిటికన్నా ముఖ్యం, కాలాన్ని ఎలా కోస్తావన్నది. రికార్డులు ఫసలీల (శిస్తు లెక్కల సంవత్సరాల) వారీగా ఉంటాయని మోడల్ వేసే ఒక్కో అడుగుకి ఒక ఏడాది పెట్టాలనిపిస్తుంది. పెట్టకు, నెల పెట్టు. ఏడాది లెక్కలో పాతరలో జొన్నలున్న ఇల్లూ, ఆషాఢంలో విత్తనాలు వండుకు తిన్న ఇల్లూ ఒకేలా కనిపిస్తాయి. విత్తనం తినేసిన ఇంటికి మంచి వాన పడినా పంట ఉండదు. ఆకలి రెండో ఏడాదికి పాకేది ఆ దారినే.

కరణం లెక్కల్లో శిస్తు కట్టేవాళ్లే కనిపిస్తారు. కూలీలు, నేతగాళ్లు గింజలు కొనుక్కు తినేవాళ్లు, పంట పోకముందే ధర వాళ్లని దెబ్బతీస్తుంది. అందుకని మోడల్‌లో సంత ఉండి తీరాలి. కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ సేకరించిన కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, కరువుకి ముందువి. ఊరి స్వరూపం కోసం చూడు, చావుల లెక్క అందులో దొరకదు. ఇప్పటి ఆయకట్టు మ్యాపు అసలు వాడకు. బెజవాడ ఆనకట్ట పూర్తయింది 1855లో, ఆ మ్యాపు పెడితే అప్పటికి లేని కాలవలు నీ ఊళ్లలో పారతాయి.

సాఫ్ట్‌వేర్‌కి టెన్షన్ పడకు, ఇలాంటి మోడళ్లు కట్టే నెట్‌లోగో ఉచితం. ఒక్క రన్ చూసి నమ్మకు, ప్రతి సెట్టింగునీ కనీసం వందసార్లు నడుపు.

కోడ్ మొదలుపెట్టకముందే రూల్సన్నీ తెలుగు వాక్యాలుగా కాగితం మీద రాయి. ప్రతిదాని పక్కన ఆధారమో ఊహో గుర్తు పెట్టు. ఇల్లు ఏ పరిస్థితిలో ఊరొదులుతుందన్న రూలు నాకు విడిగా పంపు. ఆదివారం బెజవాడ నుంచి పొద్దున బస్సెక్కి వచ్చేయ్, భోజనాలయ్యాక కూర్చుని చూద్దాం.

మీ పెద్దనాన్న