ఈఈఈ వదిలి ఎన్విరాన్‌మెంటల్‌కి మారాలా?

ప్రశ్న: మాది ముత్తుకూరు మండలం, రొయ్యల గుంటలున్నాయి. మావాడు బీటెక్ ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) రెండో ఏడు. దేశం నెట్ జీరో (గాలిలోకి వదిలినంత కార్బన్‌ని తిరిగి తీసేయడం) అంటోంది, ఇక్కడి థర్మల్ ప్లాంట్లు మూసేస్తారని, ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌కి మారతానంటున్నాడు. మార్చమంటారా?

జవాబు: వద్దండీ. నెట్ జీరో గడువు 2070. అప్పటికి మీవాడు రిటైరై ఇంట్లో ఉంటాడు. దగ్గరి గడువు 2030ది. 2022 ఆగస్టులో ఖరారు చేసిన ఆ లక్ష్యం ప్రకారం జీడీపీలో ఒక్కో రూపాయికి పడే కార్బన్ ఉద్గారాలు 2005 నాటికంటే 45 శాతం తగ్గాలి. మొత్తం ఉద్గారాలు తగ్గాలని కాదు. అందుకే అదే ఏడాది అక్టోబరులో మీ నేలటూరు థర్మల్ ప్లాంటులో 800 మెగావాట్ల మూడో యూనిట్ మొదలైంది.

కాబట్టి గిరాకీ ఉన్న పని, నడుస్తున్న చోటే కరెంటు ఆదా చేసి లెక్క చూపించడం. అది ఈఈఈ వాళ్ల పనే.

మీ గుంట దగ్గరే నేర్చుకోవచ్చు. గుంట నీళ్లకి గాలి అందించే 2 హెచ్‌పీ ఏరేటర్ తీగకి క్లాంప్ మీటర్ (కరెంటు కొలిచేది) పెడితే 3.2 ఆంప్స్ చూపిందనుకోండి. త్రీఫేజ్ లెక్కలో 1.732 × 415 ఓల్టులు × 3.2 కట్టి 2.3 కిలోవాట్లని రాసేస్తారు. పవర్ ఫ్యాక్టర్ (ఆ కరెంటులో నిజంగా పనిచేసే వంతు) 0.8తో గుణించడం మరిచిపోతారు, అసలు 1.84. ఓల్టేజీ కూడా 415 అని ఊహించుకోకుండా కొలవాలి, పల్లె ఫీడర్లలో అది నిలకడగా ఉండదు. నాలుగు ఏరేటర్లు రోజుకి 10 గంటలు, 120 రోజుల పంటకి 8,830 యూనిట్ల పైమాటే. గ్రిడ్ కరెంటు యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున ఆరు టన్నులు దాటుతుంది. జనరేటర్ ఆడితే లీటరు డీజిల్‌కి ఇంకో 2.7 కిలోలు. ఒక పంటకాలం ఇలా రాసిన నోటుబుక్కు ఇంటర్వ్యూలో పనికొస్తుంది.

డిగ్రీ తర్వాత మూడేళ్లు మోటార్లు, కంప్రెసర్లు, బాయిలర్లు ఉన్నచోట చేయాలి: రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్, ఐస్ ప్లాంట్, చీమకుర్తి వైపు గ్రానైట్ ఫ్యాక్టరీ. ఆ అనుభవంతో బీఈఈ (కేంద్ర ప్రభుత్వ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ) ఎనర్జీ ఆడిటర్ పరీక్ష రాయొచ్చు, నాలుగు పేపర్లు. ఈఈఈ వాళ్లు సాధారణంగా తడబడేది బాయిలర్లు, ఆవిరి ఉండే రెండో పేపర్లో. థర్మోడైనమిక్స్ ఇప్పుడే చదవమనండి.

వారాంతపు 'కార్బన్ క్రెడిట్' సర్టిఫికెట్ కోర్సులకు మాత్రం డబ్బు కట్టకండి.