శ్రీకాకుళంలో ఇన్వర్టర్ల షాపుకి గూగుల్ యాడ్స్ గిట్టుబాటవుతాయా?

మీరడిగింది ఇదీ: శ్రీకాకుళంలో ఇన్వర్టర్లు, బ్యాటరీలు అమ్మే చిన్న షాపు, నెలకి 6,000 రూపాయలు గూగుల్ యాడ్స్‌కి పెట్టొచ్చా అని. మీ సరుకుకి పనికొచ్చే అవకాశం బాగానే ఉందండీ. కరెంటు పోయిన అరగంటకే పాత బ్యాటరీ చేతులెత్తేస్తే మనిషి ఫోన్ తీసి వెతుకుతాడు. సెర్చ్ యాడ్, అంటే గూగుల్‌లో వెతికినప్పుడు ఫలితాలతో పాటు కనిపించే యాడ్, చేసేది ఆ వెతికేవాణ్ణి మీ షాపుకి తేవడమే. ఎవరూ వెతకని సరుకుకి అది గిరాకీ పుట్టించలేదు. బుడితి ఇత్తడి సామాను అమ్మేవారు అడిగితే ముందు వీడియోలు తీయమనే చెబుతాను.

జనం వెతికే మాటల్నే కీవర్డ్‌లంటారు. ఏది ఎంతమంది వెతుకుతున్నారో తెలియాలంటే గూగుల్ యాడ్స్ ఖాతాలో కీవర్డ్ ప్లానర్ తెరిచి, ప్రాంతం శ్రీకాకుళం అని పెట్టి, మీ సరుకు పేర్లు కొట్టి చూడండి. ఇంకా ఖర్చు పెట్టని ఖాతాకి నెలకి ఎన్ని వెతుకులాటలో 10 నుంచి 100, 100 నుంచి 1,000 అని ఉజ్జాయింపుగానే చూపిస్తుంది. క్లిక్కు ధర, అంటే యాడ్‌ని ఒకరు నొక్కిన ప్రతిసారీ మీరు కట్టేది, దాని అంచనా కూడా అక్కడే ఉంటుంది.

ఇక లెక్క. ఇన్వర్టరు, బ్యాటరీ కలిపిన సెట్టుకి మీకు 1,500 మిగులుతుందనుకుందాం, 100 క్లిక్కులకి ఇద్దరు కొన్నారనుకుందాం. మిగులు 3,000, అంటే క్లిక్కు 30 దాటితే నష్టం. యాడ్ ఖర్చు మీద 18 శాతం జీఎస్టీ ఉంది. మీరు జీఎస్టీలో చిన్న వ్యాపారులకుండే కాంపోజిషన్ పద్ధతిలో ఉంటే ఆ పన్ను వెనక్కి రాదు కాబట్టి 25 దగ్గరే ఆగాలి. మామూలు (రెగ్యులర్) జీఎస్టీ అయితే ఖాతాలో మీ జీఎస్టీ నంబరు ఎక్కించండి, ఆ పన్నుని మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు. 250 మిగిలే సర్వీసు పనికి ఇదే లెక్కన క్లిక్కుకి 5 రూపాయలే వస్తుంది, దానికి యాడ్ వద్దు.

పన్నుతో కలిపి 6,000 లోపే ఉండాలంటే రోజు బడ్జెట్ 167 పెట్టండి. ఒక్కో రోజు దానికి రెట్టింపు దాకా ఖర్చు కావచ్చు, కంగారు పడకండి. నెల మొత్తానికి రోజు బడ్జెట్‌కి 30.4 రెట్లు దాటదు.

డబ్బు ఎక్కువగా కారిపోయేది సెట్టింగుల్లోనే. లొకేషన్‌లో మొదట ఉండేది "ఈ ప్రాంతంలో ఉన్నవారు, లేదా దీనిపై ఆసక్తి చూపినవారు" అన్న అర్థం వచ్చే ఎంపిక. అలా వదిలేస్తే హైదరాబాదులో కూర్చుని శ్రీకాకుళం అని వెతికినవారి క్లిక్కుకీ మీరే కడతారు. అక్కడ ఉన్నవారికే అన్నదానికి మార్చి, షాపు చుట్టూ 25 కిలోమీటర్లు పెట్టండి. ఆమదాలవలస, ఎచ్చెర్ల, నరసన్నపేట వచ్చేస్తాయి. డిస్‌ప్లే నెట్‌వర్క్ (వేరే సైట్లలో, యాప్‌లలో యాడ్లు), సెర్చ్ పార్ట్‌నర్స్ (గూగుల్ కాని సైట్ల వెతుకులాట) టిక్కులు తీసేయండి. భాషల సెట్టింగు కనిపిస్తే తెలుగు, ఇంగ్లిషు రెండూ ఉంచండి, తెలుగువాళ్లలోనూ చాలామంది ఫోను ఇంగ్లిషులోనే ఉంటుంది.

కీవర్డ్‌కి కాస్త సంబంధం ఉన్న వెతుకులాటలన్నిటికీ యాడ్ చూపించే బ్రాడ్ మ్యాచ్‌తో మొదలుపెట్టొద్దు. కీవర్డ్‌ని కొటేషన్ గుర్తుల మధ్య రాస్తే ఫ్రేజ్ మ్యాచ్, ఆ అర్థం ఉన్న వెతుకులాటలకే యాడ్ వస్తుంది. చదరపు బ్రాకెట్లలో రాస్తే ఎగ్జాక్ట్, అది ఇంకా బిగువు. "కస్టమర్ కేర్", "జాబ్స్", "సెకండ్ హ్యాండ్" లాంటివి నెగటివ్ కీవర్డ్‌లుగా చేర్చండి, ఆ మాటలతో వెతికితే యాడ్ కనిపించదు. కంపెనీ కస్టమర్ కేర్ నంబరు కోసం వెతికేవాళ్లు మీ యాడ్ నొక్కి, మిమ్మల్నే తిట్టి పెట్టేస్తారు. "పాత బ్యాటరీ ధర" మాత్రం తీయొద్దు, ఎక్స్‌ఛేంజీకి వచ్చే బేరం అదే. జనం ఏ మాటలు వెతికితే మీ యాడ్ వచ్చిందో చూపించే సెర్చ్ టర్మ్స్ రిపోర్టు మొదటి రెండు వారాలూ రోజూ చూసి, పనికిరానివి నెగటివ్‌లో పడేయండి.

యాడ్ షాపు తెరిచి ఉన్న వేళల్లోనే నడవాలి. యాడ్‌లో పెట్టే నంబరు కోసం వేరే సిమ్ తీసుకోండి, ఏ కాల్ యాడ్ నుంచి వచ్చిందో తేలిపోతుంది. ఏజెన్సీకి ఇస్తే వాళ్ల ఫీజు కూడా పై లెక్కలో కలపండి. ఖాతా మీ మెయిల్ మీదే తెరవాలి, వాళ్లకి అనుమతి మాత్రమే ఇవ్వాలి. లేకపోతే మానేసిన రోజున లెక్కలన్నీ వాళ్ల దగ్గరే ఉండిపోతాయి.

ఇవన్నీ మొదలుపెట్టే ముందే మేప్‌లో కనిపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పెట్టుకోండి. అది ఉచితం.

పన్నెండు నెలలూ ఒకే బడ్జెట్ పెట్టాలని లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మన జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేదు. మీ గిరాకీ ఎండలు మండే ఏప్రిల్, మేలోనూ, తుపాన్లొచ్చే అక్టోబరు, నవంబరులోనూ ఉంటుంది. నవంబరు దాటాక చలికాలంలో బడ్జెట్ సగానికి దించి, ఆ డబ్బు వేసవికి దాచుకోండి.