‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ను తిరగరాయాలనుకునే అమ్మాయికి

అమ్మాయీ,

నువ్వు పంపిన వ్యాసం, దాంతోపాటు వచ్చిన కథ రెండూ చదివాను. వానరాలు మనుషుల్ని ఏలే ‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ నాకూ ప్రాణమైన సినిమా సిరీసే కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. నీ కథలో పాత సినిమాల సీన్లే కొత్త గ్రాఫిక్స్ వేసుకుని వరసగా వచ్చేస్తున్నాయి. గుర్రాల మీద గొరిల్లాలు, వలల్లో మనుషులు, ఇసుకలో కూరుకుపోయిన లిబర్టీ విగ్రహం. ఇవన్నీ మళ్లీ తెర మీద చూడాలని నాకూ ఉంది. కానీ రాయడానికి కూర్చున్నప్పుడు, ఆ సీను ఏ భయంలోంచి పుట్టిందో ముందు కనుక్కో.

1968 సినిమానే తీసుకో. వ్యోమగామి టేలర్, తను దిగిన వానరాల గ్రహం మనుషులే నాశనం చేసుకున్న భూమేనని తెలిసి, ఆ విగ్రహం ముందు కూలబడి, ఇసుకను గుద్దుతూ మనుషుల్ని శపిస్తాడు. అప్పటికి అమెరికా, సోవియట్ యూనియన్ అణుయుద్ధం అంచుదాకా వెళ్లిన క్యూబా క్షిపణుల సంక్షోభం గడిచి ఆరేళ్లే. అణుబాంబు ఏ రాత్రయినా పడొచ్చని బతికిన జనం ఆ హాల్లో కూర్చున్నారు. మూలమైన పియర్ బూల్ నవలలో అసలు ఆ విగ్రహమే లేదు. అందులో వానరాల గ్రహం వేరు. హీరో అక్కణ్నుంచి తప్పించుకుని పారిస్ చేరితే, అక్కడా వానరాలే ఎదురొస్తాయి. 2001లో టిమ్ బర్టన్ తీసిన రీమేక్ ముగింపు ఈ నవలకే దగ్గర. హీరో వాషింగ్టన్‌లో దిగితే లింకన్ కూర్చోవాల్సిన చోట వానర సేనాని విగ్రహం ఉంటుంది. రిక్ బేకర్ మేకప్ అద్భుతం, డబ్బులూ వచ్చాయి, అయినా దానికి కొనసాగింపు రాలేదు. ఆ విగ్రహం అక్కడికెలా వచ్చిందో, ఎవరి తప్పుకి అది శిక్షో సినిమా చెప్పదు. చూసి ఉలిక్కిపడతాం, అంతే. మూలానికి విధేయంగా ఉంటే చాలని వాదించే అభిమానులకు నేను చూపించేది ఈ సినిమానే.

2011లో రిక్ జాఫా, అమండా సిల్వర్ రాసిన ‘రైజ్ ఆఫ్ ది ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ని మాత్రం మళ్లీ చూడు, ఈసారి పెన్ను పట్టుకుని. ఈ సిరీస్‌లోనే 1972లో వచ్చిన ‘కాంక్వెస్ట్’లోనూ సీజర్ అనే చింపాంజీ ఉన్నాడు, వానరాల తిరుగుబాటూ ఉంది. అయితే అక్కడ అతను భవిష్యత్తు నుంచి వచ్చిన జంటకు పుట్టినవాడు. జరగబోయేది ముందే రాసిపెట్టి ఉన్నట్టుంటుంది. కొత్త రచయితలు ఆ కాలచక్రాన్ని మొత్తం తీసి పక్కన పెట్టేశారు. దాని బదులు ఒక కొడుకుని పెట్టారు. అల్జీమర్స్‌తో మతి తప్పుతున్న తండ్రిని కాపాడుకోవాలని ఆ కొడుకు మందు కనిపెడతాడు. ఆ మందే వానరాలకు తెలివినిస్తుంది, దాని తర్వాతి రకమే మనుషుల పాలిట మహమ్మారి అవుతుంది. ప్రళయాన్ని తెచ్చింది ద్వేషం కాదు, నాన్న మీద ప్రేమ. ఈ ఒక్క మార్పుతో నలభై ఏళ్ల నాటి కథ మన ఇంట్లో జరిగే కథ అయిపోయింది.

అందులో కిటికీ గుర్తుందా? సీజర్ పెరిగిన ఇంటి అటకగదిలో గుండ్రటి కిటికీ. బోనులో వేశాక అతను ఆ కిటికీ బొమ్మని గోడ మీద గీసుకుంటాడు. తనని ఇంటికి తీసుకెళ్లరని అర్థమయ్యాక తన చేత్తోనే చెరిపేస్తాడు. డైలాగ్ ఒక్కటీ లేదు. తర్వాత అతను మొదటిసారి నోరు విప్పి ‘నో’ అని అరిచినప్పుడు మన ఒళ్లు జలదరించడానికి పునాది అక్కడ పడింది. పైగా ఆ కిటికీ పాత సినిమాల్లోంచి తెచ్చుకున్నది కాదు, వీళ్లే పుట్టించుకున్నది. 2024 నాటి ‘కింగ్‌డమ్’కి వచ్చేసరికి అదే గుర్తు మెడలో వేసుకునే పవిత్ర చిహ్నం అయింది. రీబూట్, అంటే పాత సిరీస్‌ని కొత్తగా మొదలుపెట్టిన సినిమా, తనకంటూ జ్ఞాపకాలు సంపాదించుకోవడమంటే ఇదీ.

పాతవాటికి దండం పెట్టొద్దనను. ‘రైజ్’లో సీజర్ తల్లిని ‘బ్రైట్ ఐస్’ అంటారు, 1968 సినిమాలో జీరా అనే చింపాంజీ టేలర్‌ని పిలిచిన పేరది. ఒరాంగుటాన్ పేరు మారిస్, నాటి డాక్టర్ జేయస్ పాత్రధారి మారిస్ ఎవాన్స్ గుర్తుగా. తెలిసినవాడు మురిసిపోతాడు, తెలియనివాడికి కథ ఎక్కడా ఆగదు. నీ కథలో మాత్రం పాత సినిమా చూడనివాళ్లకి మూడోవంతు అర్థం కాదు. సిరీస్ పేరైనా వినని నేస్తం ఎవరికైనా చదివి వినిపించు, ఎక్కడ బిక్కమొహం వేస్తే అక్కడ కొట్టెయ్.

ఇక నీ రెండో పేజీ. వైరస్ సోకి మాట పోతున్న కూతురి గొంతుని తల్లి ఫోన్లో రికార్డు చేసుకునే చోటు. అంత మంచి సంగతిని నాలుగు లైన్లలో తేల్చేసి మళ్లీ యుద్ధంలోకి పరిగెత్తావేం? ఆ పిల్ల చేత తల్లి ఏం చెప్పించుకుంటుంది? చార్జింగ్ అయిపోయాక ఏం చేస్తుంది? ఆ ఫోను ఒక చింపాంజీ చేతికి చిక్కితే, ఆ గొంతు విని అది ఏమనుకుంటుంది? నువ్వు ఆ తల్లికి పేరు కూడా పెట్టలేదు. ముందు పేరు పెట్టు, ఆవిడ ఏం పని చేసి బతుకుతోందో రాయి. ఆ పేజీ నుంచే కథ మొదలుపెట్టి పది పేజీలు పంపు, వానరాలు ఎప్పుడు రావాలో తర్వాత మాట్లాడుకుందాం.