సార్జెంట్ స్లాటర్ తెర వెనక కథ చెప్పేటప్పుడు

చి. వంశీకి,

మామయ్య ఆశీస్సులు. అమెరికన్ రెజ్లర్ సార్జెంట్ స్లాటర్ మీద వీడియో చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన స్క్రిప్టు ఆసాంతం చదివాను. మంచి విషయం పట్టుకున్నావు. రెజ్లర్ల బొమ్మలున్న ట్రంప్ కార్డులు ఆడుతూ పెరిగిన మీ అన్నయ్యల తరం దీన్ని తప్పకుండా చూస్తుంది. స్పోర్ట్స్ డెస్కులో ఏళ్ల తరబడి కాపీ దిద్దినవాడిగా నాలుగు మాటలు చెబుతాను.

మొదటి వాక్యమే మార్చు. "మాజీ మెరైన్ అయిన స్లాటర్" అని రాశావు. మెరైన్ (అమెరికా సముద్ర సైనికుడు) అన్నది రింగులో వేసిన పాత్ర. ఆ పాత్ర వేసింది రాబర్ట్ రీమస్ అనే మనిషి. 1948లో డెట్రాయిట్‌లో పుట్టాడు, మినసోటాలో పెరిగాడు, వెర్న్ గాన్యా అనే పేరున్న రెజ్లర్ దగ్గర రెజ్లింగ్ నేర్చుకున్నాడు. ఆ వెడల్పు అంచు టోపీ, నల్లకళ్ళద్దాలు, మెడలో విజిల్ రాకముందు ముసుగేసుకుని సూపర్ డిస్ట్రాయర్ మార్క్ టూగా ఆడాడు. పాత్ర చేసిన ఉద్యోగాన్ని మనిషికి అంటగట్టకు. సైనిక రికార్డు చూపించగలిగితే రాయి, ఇంటర్వ్యూలో విన్నంత మాత్రాన వద్దు. స్లాటర్ WWF అనే రెజ్లింగ్ కంపెనీ నుంచి వెళ్ళిపోయాక ఆ ఖాళీలోకి వచ్చిన కార్పొరల్ కిర్ష్‌నర్ మాత్రం నిజంగానే అమెరికా సైన్యపు పారాచూట్ దళం 82వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌లో పనిచేశాడు. అతన్ని స్లాటర్ పక్కన నిలబెట్టి చూపిస్తే తేడా నువ్వు చెప్పకుండానే తెలుస్తుంది.

1991 సంగతికి ఎక్కువ సమయం ఇవ్వు, అసలు కథంతా అక్కడే ఉంది. గల్ఫ్ యుద్ధంలో జనవరి 17న ఇరాక్ రాజధాని బాగ్దాద్ మీద బాంబులు పడటం మొదలైంది. 19న మయామీలో WWF వాళ్ళ పెద్ద పోటీ రాయల్ రంబుల్. ర్యాండీ సావేజ్ అనే రెజ్లర్ రాజదండంతో అప్పటి చాంపియన్ అల్టిమేట్ వారియర్ తల మీద బాదాడు, స్లాటర్ వారియర్‌ని నేలకి అదిమి (పిన్ చేసి) చాంపియన్ బెల్టు పట్టుకుపోయాడు. నిన్నటిదాకా అమెరికా జెండా ఊపిన సార్జెంటు, రింగు కథలో ఇప్పుడు ఇరాక్ అధినేత సద్దాం మనిషి! బెదిరింపులు వచ్చాయనీ, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ వేసుకుని తిరిగాననీ స్లాటర్ తర్వాత చెప్పాడు. అమెరికా జెండా తగలబెట్టమంటే ఒప్పుకోలేదనీ, బదులుగా తన ప్రత్యర్థి, స్టార్ రెజ్లర్ హల్క్ హోగన్ చొక్కా తగలబెట్టాననీ కూడా చెప్పాడు. వీటిని వాడుకో, కానీ "స్లాటర్ చెప్పిన ప్రకారం" అన్న ముక్క తీసేయకు. చొక్కా కాలడం టీవీలో అందరూ చూశారు. జెండా కాల్చమన్న మాట మాత్రం గదిలో జరిగింది.

ఆ తర్వాత స్లాటర్, హోగన్ తలపడ్డ WWF వార్షిక పోటీ రెజిల్‌మేనియా ఏడు వేదిక దగ్గరా ఇదే జాగ్రత్త. లాస్ ఏంజెలెస్‌లోని పెద్ద కొలీజియం నుంచి పక్కనున్న స్పోర్ట్స్ అరీనాకి మార్చారు. భద్రత కోసమని కంపెనీ చెప్పింది. అంత పెద్ద స్టేడియానికి టికెట్లు అమ్ముడుపోలేదని చాలామంది రాశారు. నీ స్క్రిప్టులో మొదటిదే ఉంది. రెండూ పెట్టు, ఎవరు ఏమన్నారో చెప్పు. మార్చి 24న ఆ పోటీ జరిగేనాటికి యుద్ధం ముగిసి దాదాపు నెల అయిందని కూడా చెప్పు. స్లాటర్ మీద హోగన్ గెలిచిన రాత్రి అర్థం కావాలంటే అది తెలియాలి.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఆ ఇరాక్ కథలో స్లాటర్ పక్కన నిలబడ్డ ఇద్దరు. జనరల్ అద్నాన్ నిజంగా బాగ్దాద్‌వాడే, అద్నాన్ అల్ కైసీ. కానీ అంతకుముందు అమెరికాలో బిల్లీ వైట్ వుల్ఫ్ అనే పేరుతో, ఈకల తలపాగాతో అమెరికా ఆదివాసిగా ఆడాడు, 1976లో ట్యాగ్ టీమ్ టైటిల్ కూడా గెలిచాడు. ఇక కల్నల్ ముస్తఫా ఎవరనుకున్నావు? ఐరన్ షేక్ అనే పేరుతో ఆడిన రెజ్లరే! ఇరాన్ మనిషి. ఇరాన్, ఇరాక్ ఎనిమిదేళ్ళు యుద్ధం చేసుకుని ఆగింది 1988లో. మూడేళ్ళు తిరక్కుండా ఆ ఇరాన్ వాడికి ఇరాక్ యూనిఫాం తొడిగారు. 1984లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇదే షేక్‌తో స్లాటర్ బూట్ క్యాంప్ మ్యాచ్ అనే మొరటు పోటీ ఆడాడు, రక్తం కారింది. నువ్వు వీళ్ళిద్దరినీ ఒక్క లైనులో దాటేశావు, నాకు బాధనిపించింది. వాళ్ళు కూడా బతుకుతెరువు కోసం దేశాలు దాటి వచ్చినవాళ్ళే.

జీఐ జో అనే సైనికుల బొమ్మల వరుసలో స్లాటర్ బొమ్మ, ఆ కార్టూన్‌లో అతని సొంత గొంతు, ఇవి క్లుప్తంగా చాలు.

గొంతు రికార్డు చేసే ముందు మార్చిన స్క్రిప్టు ఓసారి పంపు. రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చెయ్యి, కూర్చుని చదువుదాం.

మీ మామయ్య