డెంగ్యూ రిపోర్టులో ‘ఎటిపికల్ లింఫోసైట్లు’ అని ఉంటే భయపడాలా?

మీ బాబుకి ఇవాళ ఐదో రోజు, రాత్రి నుంచి జ్వరం లేదు, తెల్లకణాలు 2,400, ప్లేట్‌లెట్లు 92 వేలు, కింద ‘ఎటిపికల్ లింఫోసైట్లు ఉన్నాయి’ అని రాశారు, ఇది బ్లడ్ క్యాన్సరా అని అడిగారు. డెంగ్యూ పాజిటివ్ వచ్చినవాళ్లకి ఈ సమయంలో ఆ కణాలు కనపడటం చాలా మామూలండీ. ఆ టెన్షన్ పక్కన పెట్టండి. మీరు కనిపెట్టుకుని ఉండాల్సింది వేరే విషయం, అదీ చెబుతాను.

నేను పద్నాలుగేళ్లుగా ల్యాబ్‌లో రక్తం స్లైడ్లు చూస్తున్నాను. లింఫోసైట్ అంటే తెల్లకణాల్లో ఒక రకం, ఎటిపికల్ అంటే మామూలు రూపం మారినది. మామూలు లింఫోసైట్ చిన్నగా, గుండ్రంగా ఉంటుంది, దాదాపు అంతా న్యూక్లియసే. డెంగ్యూ స్లైడ్‌లో అదే కణం బాగా ఉబ్బి, చుట్టూ ముదురు నీలం రంగు పరుచుకుని, అంచులు పక్కనున్న ఎర్రకణాలను హత్తుకున్నట్టు వంపులు తిరిగి కనిపిస్తుంది. లోపల ప్రొటీన్ల తయారీ జోరుగా సాగుతుండబట్టే ఆ నీలం. వీటిలో కొన్ని యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు, కొన్ని వైరస్ దూరిన కణాలను చంపే టి కణాలు. మొత్తం తెల్లకణాలు తగ్గడానికి కారణం, ఎముక మజ్జలో తయారీ కొన్నాళ్లు మందగించడం. ముందు న్యూట్రోఫిల్స్ అనే ఇంకో రకం తెల్లకణాలు పడిపోతాయి, అందుకే రిపోర్టులో లింఫోసైట్ల శాతం పెరిగినట్టు కనపడుతుంది.

ఇక అసలు విషయం. మా తమ్ముడికి డెంగ్యూ వచ్చినప్పుడు ఐదో రోజు పొద్దున జ్వరం దిగింది. లేచి స్నానం చేశాడు. ప్లేట్‌లెట్లు లక్షా పదివేలు ఉన్నాయి, ఇక గండం గడిచిందనుకున్నాం. సాయంత్రానికి కడుపులో నొప్పి, మూడుసార్లు వాంతి. చెయ్యి పట్టుకుంటే చల్లగా, చెమటగా ఉంది. అప్పుడు పాత రిపోర్టులు తీసి చూశాను. రెండో రోజు 41 ఉన్న హెమటోక్రిట్ ఆ పొద్దున 47. ఆసుపత్రికి వెళ్లేసరికి 50. రోజూ పదిమందికి ఆ అంకె టైపు చేసే నేను, ఇంట్లో ప్లేట్‌లెట్లు తప్ప ఇంకేమీ చూడలేదు. అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

హెమటోక్రిట్ అంటే రక్తంలో ఎర్రకణాల వాటా. కణాలు పెరగకుండానే అది పెరిగిందంటే రక్తనాళాల్లోంచి నీళ్లు బయటికి కారిపోతున్నాయని. ఇది జ్వరం దిగే వేళకే మొదలవుతుంది, ఎక్కువగా 24 నుంచి 48 గంటలు ఉంటుంది. అప్పటికి రక్తంలో వైరస్ తగ్గుముఖం పట్టి ఉంటుంది. పనిలోకి దిగిన టి కణాలు, మోనోసైట్లు (ఇవీ తెల్లకణాలే) వదిలే సైటోకైన్లు అనే సంకేత రసాయనాలు, వైరస్ వదిలిన ఎన్ఎస్1 ప్రొటీన్ కలిసి రక్తనాళాల లోపలి పొరను వదులు చేస్తాయి.

తమ్ముడికి ఐజీజీ (ఒక రకం యాంటీబాడీ) కూడా పాజిటివ్ వచ్చింది, అంటే ఇదివరకే ఒకసారి సోకింది. డెంగ్యూలో నాలుగు రకాలున్నాయి. మొదటిసారి తయారైన యాంటీబాడీలు రెండో రకాన్ని పట్టుకుంటాయి కానీ కొన్నిసార్లు దాన్ని పనిచేయకుండా ఆపలేవు. అలా సగం పట్టుబడిన వైరస్‌ను మోనోసైట్లు మింగుతాయి, అది వాటిలోనే పెరుగుతుంది. క్యూబాలో 1977లో ఒకటో రకం వ్యాపించింది, 1981లో రెండో రకం వచ్చింది. అప్పుడు ప్రాణం మీదికి వచ్చినవాళ్లలో అత్యధికులు రెండోసారి సోకినవాళ్లే. అలాగని రెండోసారి వచ్చిన ప్రతివాళ్లకీ ఇలా జరగదు, ఎక్కువమంది కోలుకుంటారు.

కాబట్టి ఈ రెండు రోజులు బాబుని వదలకండి. మొదటి రిపోర్టులో హెమటోక్రిట్ ఎంతో చూసి, ఇవాళ్టిదాంతో పోల్చమని డాక్టర్‌ని అడగండి. 20 శాతం పెరిగితే ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, కారుతున్నట్టే లెక్క, అంత పెరిగేదాకా ఆగక్కర్లేదు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం, మగతగా పడి ఉండటం, నాలుగు నుంచి ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం, వీటిలో ఏది కనపడినా అర్ధరాత్రయినా తీసుకెళ్లండి. ఐబూప్రొఫెన్, ఆస్ప్రిన్ ఇవ్వొద్దు. రక్తస్రావం లేకుండా 92 వేలకి ప్లేట్‌లెట్లు ఎక్కించమని పట్టుబట్టకండి, దానివల్ల లాభం లేదు.

తమ్ముడికి ఆ రాత్రంతా గంట గంటకీ బీపీ చూస్తూ సెలైన్ కొలిచి ఎక్కించారు. మూడో రోజు ఇంటికొచ్చాడు. నీరసం మాత్రం మూడు వారాలుంది. ఆ నీలం కణాలు సాధారణంగా కొద్ది వారాల్లో వాటంతటవే పోతాయి. మీ బాబుకి నెల తర్వాత కూడా కనపడుతుంటే అప్పుడు స్లైడ్ ఒకసారి పాథాలజిస్టుకి చూపించండి. సాయంత్రం హెమటోక్రిట్ ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి, నేను చూస్తూ ఉంటాను.