రోగి చెప్పేది ఇలొకానోలో, పాఠం ఇంగ్లిష్‌లో: మీ అబ్బాయి నెగ్గుకురాగలడా?

ప్రశ్న: మా అబ్బాయికి నీట్‌లో ఇక్కడ సీటు వచ్చే మార్కులు రాలేదు. ఫిలిప్పీన్స్‌లోని బాగియోలో ఎంబీబీఎస్ సీటు ఇప్పిస్తామని కన్సల్టెన్సీవాళ్లు అంటే అడ్వాన్స్ కట్టాం. అక్కడ అంతా ఇంగ్లిషే అన్నారు. ఇప్పుడేమో రోగులు ఇలొకానో మాట్లాడతారని తెలిసింది. వాడు పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంగ్లిషే అంతంతమాత్రం. ఈ భాష ఇంగ్లిష్‌లాగే ఉంటుందా? వాడు నేర్చుకోగలడా?
– ఒక తల్లి, జగిత్యాల

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది, దేశం పేరు ఒక్కటే మారుతుంది. జార్జియా అయితే జార్జియన్, కిర్గిజ్‌స్థాన్ అయితే రష్యన్, మీకు ఇలొకానో. అడిగేది భాష గురించే. మనసులో ఉన్నది మాత్రం ‘ఇంత డబ్బు పోసి పంపాక వాడు అక్కడ నోరు మెదపలేక తిరిగొస్తే ఎలా?’ అన్న భయం. అందుకే ముందు ఆ సంగతి చెబుతాను. స్థానిక భాష రాలేదని చదువు మానేసి వచ్చిన పిల్లలు చాలా అరుదు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు, చుట్టూ రోజంతా అదే వినిపిస్తుంటే, వార్డులో పనికొచ్చేంత మాట తప్పక పట్టుకుంటాడు. ఈ ఒక్క విషయంలో మీరు నిశ్చింతగా ఉండండి.

ఇంగ్లిష్‌లాగే ఉంటుందా అంటే, ఉండదు. రాసే అక్షరాలు అవే, పోలిక అక్కడితో సరి. ఇలొకానోది ఆస్ట్రోనేషియన్ భాషల కుటుంబం. టగాలోగ్, సెబువానోల తర్వాత ఫిలిప్పీన్స్‌లో ఎక్కువమందికి మాతృభాష అయినవాటిలో ఇదొకటి. బాగియో ఉన్న కొండలు ఇబలోయ్ తెగవారివి. అయినా నగరంలో మార్కెట్లో, జీప్నీ అనే షేర్ బండిలో, ఆస్పత్రి వరండాలో నలుగురినీ కలిపే భాష ఇలొకానో. ఇంగ్లిష్ అక్కడికి అమెరికన్ల పాలనతో వచ్చింది. 1901లో ‘థామస్’ అనే ఓడలో దిగిన అమెరికన్ టీచర్లు దాన్ని బడుల్లో పాతుకునేలా చేశారు. 1987 రాజ్యాంగం ఫిలిపినోతో పాటు దాన్నీ అధికార భాషగా ఉంచింది. కాబట్టి తరగతి ఇంగ్లిష్‌లోనే అన్న మాటలో అబద్ధం లేదు. మంచం మీద ఉన్న ముసలమ్మ ఏ భాషలో మూలుగుతుందో మాత్రం మీకు చెప్పలేదు.

ఆ ముసలమ్మ ‘నసకిత్ తి ఉలోక్’ అంటుంది, నాకు తలనొప్పిగా ఉందని. ఉలో అంటే తల, చివర ‘క్’ చేరితే నా తల. ‘ఉలోమ్’ నీ తల, ‘ఉలోనా’ అతని తల లేదా ఆమె తల. ఇంగ్లిష్‌లో విడి మాటగా ముందుండేది ఇక్కడ వెనకాల తోకలా అతుక్కుంటుంది. వెళ్తాను, వెళ్తావు అనడానికి అలవాటుపడ్డ మన పిల్లలకు ఇది కొత్తగా అనిపించదు. ఇంకోటి వింటే మీకు ధైర్యం వస్తుంది. మనం, మేము అనే తేడా ఇంగ్లిష్‌లో లేదు, ఇలొకానోలో ఉంది: దతయో, దకమి. పెద్దవాళ్లను బహువచనంతో గౌరవించడమూ ఉంది, మన ‘మీరు’ లాగే. వయసులో పెద్దవాడు మనోంగ్, పెద్దావిడ మనాంగ్, మర్యాదకు చివర ‘అపో’. వరసలు పెట్టి పిలిచే ఇంట్లో పెరిగిన కుర్రాడు రోగి దగ్గర ఇట్టే చనువు సంపాదిస్తాడు.

కష్టం లేదని అనను. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది, ఇంగ్లిష్‌లో మధ్యలో, ఇలొకానోలో సాధారణంగా మొదట్లోనే. ‘వెళ్లాడు డాక్టర్ ఆస్పత్రికి’ అన్నట్టు. పైగా ఎవరు తిన్నారన్నది ముఖ్యమైతే క్రియకు ఒక రూపం, ఏం తిన్నారన్నది ముఖ్యమైతే మరో రూపం. ‘అనియా తి కిన్నాన్మో?’ అంటే ఏం తిన్నావు అని. విరేచనాలతో వచ్చినవాడిని మొదట అడగాల్సిన ప్రశ్న అదే కదా. ఈ రూపాలు వ్యాకరణం పుస్తకంతో వచ్చేవి కావు. క్యాంటీన్‌లో, హాస్టల్ పక్క దుకాణంలో వందసార్లు విని పట్టుకోవాల్సిందే. అతను, ఆమె అనే భేదం వాళ్ల సర్వనామాల్లో లేదు కాబట్టి, రోగి కూతురు ఇంగ్లిష్‌లో మాట్లాడేటప్పుడు తల్లిని పట్టుకుని ‘హీ’ అనొచ్చు. కేస్ షీట్ రాసేవాడు తికమకపడకుండా మళ్లీ అడిగి తెలుసుకోవాలి. మందు ఎన్నింటికి వేసుకున్నావంటే ‘అలాస్ ఒత్సో’ అంటారు. అది స్పానిష్ నుంచి వచ్చిన ఎనిమిది గంటలు. మూడు వందల ఏళ్లకు పైగా సాగిన స్పెయిన్ పాలన గడియారంలో అలా మిగిలింది.

దీన్ని ఏదో కొండభాష అని చిన్నచూపు చూడొద్దనీ వాడికి చెప్పండి. 1906 నుంచి హవాయి చెరకు తోటలకు కూలికి వెళ్లిన ఇలొకానోలు తమ భాషను వెంట తీసుకెళ్లారు. హవాయి విశ్వవిద్యాలయంలో ఇప్పుడది పాఠ్యాంశం.

ఇక మీరు అడగనిది, అడిగి ఉండాల్సింది. ఈ ఫిలిప్పీన్స్ దారి మీదే నాకు అనుమానాలున్నాయి. అక్కడ ఇచ్చే పట్టా ఎంబీబీఎస్ కాదు, ఎండీ. మన పీజీ ఎండీ కాదు, అక్కడి తొలి వైద్య పట్టా పేరే అది. సంప్రదాయంగా అది నాలుగేళ్ల కోర్సు, అంటే 48 నెలలు. మన జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) 2021 నవంబర్‌లో తెచ్చిన నిబంధనల ప్రకారం వైద్య విద్య కనీసం 54 నెలలు ఉండాలి. ఆపైన అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఎండీకి ముందు చేయించే సైన్స్ డిగ్రీ బీఎస్‌ను కలిపి ఐదున్నరేళ్లు, ఆరేళ్లు అని బ్రోచర్‌లో వేస్తారు. బీఎస్ వైద్య విద్య లెక్కలోకి రాదు. అన్నిటికన్నా ముఖ్యం, చదివిన దేశంలో అక్కడి పౌరులతో సమానంగా ప్రాక్టీస్‌కు లైసెన్స్ పొందే అర్హత ఉండాలి. వైద్యవృత్తి ప్రధానంగా తమ పౌరులకే అన్న అక్కడి చట్టంతో ఈ షరతు దగ్గరే మన పిల్లలు చాలాకాలం చిక్కుల్లో పడ్డారు. మీ అబ్బాయి చేరబోయే కాలేజీలో, చేరబోయే బ్యాచ్‌కు ఈ మూడూ నెరవేరతాయని కాగితం మీద చూపించారా? కన్సల్టెన్సీ లెటర్‌హెడ్ మీద కాదు, కాలేజీ సంతకంతో?

విదేశాల్లో వైద్యం చదివినవాళ్లు ఇక్కడ ప్రాక్టీస్ చేయాలంటే తిరిగొచ్చాక రాయాల్సిన అర్హత పరీక్ష ఎఫ్ఎంజీఈలో చాలా విడతల్లో మూడో వంతు మంది కూడా గట్టెక్కడం లేదు. ఆ పరీక్షలో ఇలొకానో ఒక్క ముక్క ఉండదు, అంతా ఇంగ్లిష్. వాడిని దెబ్బతీసేది ఏదైనా ఉంటే ఇదే. లావుపాటి పాథాలజీ పుస్తకంలో పేరా చదివి, ఏం అర్థమైందో సొంతంగా చెప్పగలడా? ఇంటర్ బైపీసీ ఇంగ్లిష్‌లో నెట్టుకొచ్చాడంటే పునాది ఉన్నట్టే. రోజూ రెండు పేజీలు చదివి తెలుగులో వివరించమనండి. అర్థమైందా లేదా అన్నది అక్కడే తెలిసిపోతుంది. ఆరు నెలలు గట్టిగా కూర్చుంటే ఈ లోటు పూడుతుంది, తెలుగు మీడియం పిల్లల్లో ఎందరో పూడ్చుకున్నారు.

అమ్మా, ఇప్పుడు చెప్పేది మీకు నొప్పి కలిగించొచ్చు. మీ ఉత్తరంలో అడ్వాన్స్ ఉంది, కన్సల్టెన్సీ ఉంది, మీ భయం ఉంది. వాడేమన్నాడో ఒక్క వాక్యం లేదు. వాడికి డాక్టర్ కావాలని ఉందా? లేక పక్కింటివాళ్ల అబ్బాయి విమానం ఎక్కాడని మీరూ ఎక్కిస్తున్నారా? డబ్బు కట్టి, ఆ తర్వాత అక్కడ ఏ భాష మాట్లాడతారో ఆరా తీయడం తలకిందుల పని. ఆ అడ్వాన్స్ పోతుందేమోనన్న బెంగతో కుర్రాడి ఆరేళ్ల కాలాన్ని, మీ పొలాన్నో బంగారాన్నో దాని వెనకాల పోయొద్దు. పోతే ఆ ఒక్క మొత్తమే పోనివ్వండి. బీఎస్సీ నర్సింగ్, ఫిజియోథెరపీ, బీఏఎంఎస్, ఫార్మసీ: రోగుల మధ్య బతకాలనుకునేవాడికి ఇక్కడే గౌరవమైన దారులున్నాయి. నీట్ మరోసారి రాస్తానన్నా తప్పేమీ కాదు.

వాడు నిజంగా బాగియోకే వెళ్తానంటే, పైన చెప్పిన మూడు కాగితాలు చేతికి వచ్చేదాకా ఇంకో రూపాయి కట్టకండి. వచ్చాక నాకు మళ్లీ రాయండి. ఈసారి వాడినే రాయమనండి, తెలుగులో రాసినా సరే.