మళ్ళీ చదువుతానన్న అమ్మాయికి పెద్దమ్మ రాసేది

తల్లీ,

ఉద్యోగం చేస్తూనే ఫార్మసిస్టుల కోర్సులో చేరుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం పట్టలేక మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాను. ఆ వెంటనే భయం కూడా వేసింది. పగలంతా కౌంటర్లో నిలబడి, రాత్రి ఆన్‌లైన్ క్లాసులు వింటానన్నావట. అలసటతో విన్న క్లాసు ఏమవుతుందో నాకు తెలుసు, అందుకే ఈ ఉత్తరం.

ఫీజు, పుస్తకాలు, టైమ్‌టేబుల్ నువ్వు చూసుకోగలవు. ఎన్ని గంటల చదువు పూర్తయిందో చెప్పే క్రెడిట్ గంటల లెక్క ఎప్పటికప్పుడు రాసుకో, చివరి నెలకు నెట్టకు.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు.

పనిలో చేరిన తొమ్మిదేళ్ళకి ఒక శిక్షణ తరగతికి వెళ్ళాను. ఏ మందుకి ఏ మందు పడదో చెప్పే తరగతి. ఇవన్నీ నాకు తెలిసినవే అనుకుని, వెనక వరుసలో కూర్చుని షాపు స్టాకు లెక్కలు చూసుకున్నాను. సాయంత్రం సర్టిఫికెట్ పట్టుకుని వచ్చేశాను.

రెండు నెలల తర్వాత, కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వాడే ఒక పెద్దావిడ యూరిన్ ఇన్ఫెక్షన్‌కి వేరే డాక్టరు రాసిన చీటీ తెచ్చింది. అందులో కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్ ఉంది. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలని, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని నాకు బాగా తెలుసు. "సోమవారం ఒక్కరోజే కదమ్మా వేసుకుంటున్నారు?" అని అడిగాను కూడా. అవునంది. ఇక నా జాగ్రత్త నేను తీసుకున్నాననుకుని, కొత్త మందు కవర్లో పెట్టి ఇచ్చేశాను.

ఆ రెండు మందులూ శరీరంలో ఫోలేట్ పని మీదే దెబ్బకొడతాయి. ఫోలేట్ అంటే రక్తకణాలు తయారవడానికి కావాల్సిన ఒక విటమిన్. పైగా రెండోది మెథోట్రెక్సేట్‌ని కిడ్నీల గుండా పోనివ్వకుండా అడ్డుపడుతుంది. పదో రోజున వాళ్ళబ్బాయి వచ్చాడు. ఆవిడకి నోరంతా పూత, జ్వరం, తెల్ల రక్తకణాలు బాగా పడిపోయాయట. డాక్టర్లు దానికి విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇచ్చి కాపాడారు. ఆవిడ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నాకు ముద్ద దిగలేదు. ఆ రాత్రే శిక్షణ కాగితాలు వెతికి తీశాను. మూడో పేజీలో ఆ జోడీ అచ్చయి ఉంది. దాని పక్కనే నా చేతిరాత. స్టాకు కూడికలు.

కోలుకున్నాక ఆవిడ మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. సంచీలోని మందులన్నీ కౌంటర్ మీద బోర్లించి, "ఇవన్నీ ఒకదానికొకటి పడతాయో లేదో చూడమ్మా" అంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది.

కాబట్టి చెప్పేది విను. డ్యూటీ బరువుగా ఉన్న రాత్రి క్లాసు పెట్టుకోకు. నిద్ర చాలకుండా క్విజ్‌లో జవాబులు నొక్కి గంటలు నింపుకున్నావని తెలిస్తే ఊరుకోను. కౌంటర్లో నీకు జవాబు తెలియక తడబడ్డ ప్రశ్న ఒకటి రాసుకుని క్లాసుకి వెళ్ళు. విన్నాక మర్నాడు ఏ రోగి విషయంలో ఏం మార్చావో దాని కిందే రాయి. "అర్థమైందా?" అంటే అందరూ తలూపుతారు, అలా అడగకు. "ఇంటికెళ్ళాక ఎలా వేసుకుంటారో చెప్పండి" అని అడుగు. ఇన్‌హేలర్ అయితే నీ ఎదుటే పీల్చి చూపించమను.

నేర్చుకున్నవి వదులుకోవడమే ఇంకా కష్టం తల్లీ. గ్యాస్, మంట అన్నవాళ్ళందరికీ ఏళ్ళ తరబడి రానిటిడిన్ ఇచ్చాను. అందులో ఎన్‌డీఎంఏ అనే హానికర పదార్థం తేలడంతో 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రానిటిడిన్‌ని మార్కెట్ నుంచి తీసేయమంది. షుగరు మందు మెట్‌ఫార్మిన్ ఇచ్చే ముందు కిడ్నీల కోసం మేము రక్తంలో క్రియాటినిన్ ఒక్కటే చూసేవాళ్ళం. 2016లో అదే సంస్థ, కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ అనే అంకె చూడమని, అది 30 కన్నా తక్కువుంటే ఇవ్వొద్దని మార్చింది. ఆ మార్పు ఒంటబట్టడానికి నాకు చాలా రోజులు పట్టింది.

మీ కోర్సులో కిడ్నీ జబ్బున్నవాళ్ళకి డోసులు మార్చే పాఠం ఎప్పుడో చూసి చెప్పు. నీ నోట్సు నాకూ కావాలి. నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా రాసి పంపు.

మీ పెద్దమ్మ